ఇల్లు చేరిన బాల్యం

క్యాన్సర్ చికిత్స కోసం నెలల తరబడి ఆసుపత్రిలో గడిపిన బిడ్డ ఇంటికి తిరిగి వచ్చే రోజు ఆ కుటుంబానికి పండుగ వంటిది. అమ్మమ్మ గుమ్మంలోనే నిలబెట్టి దిష్టి తీస్తుంది. ఇరుగుపొరుగువారు పలకరించడానికి వస్తారు. తండ్రి మొక్కులు తీర్చుకోవడానికి మంచి రోజు చూస్తాడు. తల్లి చాలాకాలానికి తన వంటింట్లో పొయ్యి వెలిగిస్తుంది. 'గండం గడిచింది' అన్న మాట ఆనాడు అందరి నోటా వినిపిస్తుంది. ఆ మాట వెనుక ఉన్న సంతోషం సహజమైనదే. కాని ఆ మాట పూర్తిగా నిజం కాదు. పిల్లలలో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండు నుండి మూడు సంవత్సరాలు సాగుతుంది. అందులో ఎక్కువ కాలం గడిచేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే. అందువల్ల బిడ్డ గడపలో అడుగు పెట్టిన రోజు చికిత్స ముగిసిన రోజు కాదు. చికిత్స బాధ్యతలో పెద్ద భాగం వైద్యుల చేతి నుండి కుటుంబం చేతికి వచ్చిన రోజు.

రామరావణ యుద్ధంలో మూర్ఛిల్లిన లక్ష్మణుని కోసం హనుమంతుడు ఓషధీపర్వతాన్ని మోసుకొనివచ్చిన కథ తెలుగువారికి సుపరిచితమే. ఓషధి ప్రభావంతో లక్ష్మణుడు లేచాడు. వానరసేన హర్షధ్వానాలు చేసింది. అయినా యుద్ధం ఆనాటితో ముగియలేదు. రావణుడు ఇంకా రణరంగంలోనే ఉన్నాడు. మూర్ఛ నుండి లేవడం వేరు, యుద్ధం గెలవడం వేరు. క్యాన్సర్ నుండి కోలుకొంటున్న బిడ్డ విషయంలోనూ ఈ భేదాన్ని గుర్తించడం అవసరం.

క్యాన్సర్‌ను తెలుగులో 'రాచపుండు' అని వ్యవహరించేవారు. ఆయుర్వేద గ్రంథాలు కణుతులను 'అర్బుదం' అన్నాయి. పేరు ఏదైనా వ్యాధి స్వభావం ఒక్కటే. శరీరంలోని కణాలు ఒక క్రమం ప్రకారం పుట్టి, పెరిగి, నశిస్తాయి. ఏదో ఒక కణంలోని జన్యువులలో మార్పు వచ్చి ఆ క్రమం తప్పినప్పుడు ఆ కణం అదుపు లేకుండా విభజన చెందుతుంది. అటువంటి కణాల సమూహమే క్యాన్సర్. ఇది ఎముకల లోపలి మూలుగలో మొదలైతే రక్త క్యాన్సర్ అవుతుంది. దీనిని 'లుకేమియా' అంటారు. గ్రీకు భాషలో ఈ మాటకు 'తెల్లని రక్తం' అని అర్థం. పక్వం చెందని తెల్లకణాలు మూలుగ అంతటినీ ఆక్రమించినప్పుడు ఎర్రకణాలకు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లకు అక్కడ చోటు లేకుండా పోతుంది. అందువల్ల బిడ్డ పాలిపోతుంది. తరచు జ్వరం వస్తుంది. ఒంటిపై కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపిస్తాయి. కాళ్ళ ఎముకలలో నొప్పి పుడుతుంది.

ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. ముట్టుకొన్నందువల్ల గాని, ఒకే కంచంలో తిన్నందువల్ల గాని, పక్కన కూర్చున్నందువల్ల గాని ఇతరులకు సోకదు. అత్యధిక సందర్భాలలో ఇది వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు తిన్న ఆహారమో, గ్రహణమో, పూర్వజన్మ పాపమో దీనికి కారణమన్న భావనలకు ఏ ఆధారమూ లేదు. చాలామంది పిల్లలలో ఇది ఎవరి తప్పూ లేకుండానే వస్తుంది. ఈ ఒక్క సత్యం ఊరిలో అందరికీ తెలిస్తే ఆ తల్లి మనసులోని బరువు సగం తగ్గుతుంది.

ఒకప్పుడు ఈ వ్యాధి సోకిన పిల్లలు కొద్ది వారాలలో లేదా కొద్ది నెలలలో మరణించేవారు. ఆ స్థితిని మార్చిన శాస్త్రవేత్తలలో ఒక తెలుగువాడు ఉండడం గర్వకారణం. ఆయన పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. తన సోదరులను పేగులకు సంబంధించిన స్ప్రూ వ్యాధి బలిగొన్న దుఃఖం ఆయనను వెంటాడింది. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. అయితే లుకేమియా ఉన్న పిల్లలలో ఇది వ్యాధిని మరింత పెంచుతున్నట్లు బోస్టన్ నగర వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించాడు. ఫోలిక్ ఆమ్లం వ్యాధిని పెంచితే, దాని పనిని అడ్డుకొనే పదార్థం వ్యాధిని తగ్గించాలి కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన కొన్ని పదార్థాలను తయారుచేసి ఇచ్చింది. కణం వాటిని ఫోలిక్ ఆమ్లమని భ్రమించి స్వీకరిస్తుంది. కాని వాటితో విభజన చెందలేక నశిస్తుంది.

అటువంటి పదార్థాలలో ఒకటైన అమినాప్టెరిన్‌ను ఫార్బర్ 1947 చివరలో పిల్లలకు ఇవ్వడం ప్రారంభించాడు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. మరణశయ్య మీద ఉన్న పిల్లలు లేచి ఆడుకొన్నారు. వైద్యచరిత్రలో అంతకుముందు అటువంటిది జరగలేదు. కాని ఆ సంతోషం ఎంతో కాలం నిలువలేదు. కొద్ది నెలలలోనే వ్యాధి తిరగబెట్టింది. ఆ పిల్లలు కూడా ఆనాడు ఆరోగ్యంగా కనిపిస్తూ ఇంటికి వెళ్ళినవారే. బాగున్నట్లు కనిపించడం వేరు, బాగుపడడం వేరు అన్న పాఠాన్ని వైద్యలోకం ఆ పిల్లల నుండే నేర్చుకొన్నది.

తరువాతి కాలంలో ఒక్కొక్క ఔషధమే తోడైంది. 1953 నాటికి 6-మెర్కాప్టోప్యూరిన్ వాడుకలోకి వచ్చింది. దానిని రూపొందించిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. 1960ల ఆరంభంలో విన్‌క్రిస్టిన్ వచ్చింది. మన పెరళ్ళలో పూసే బిళ్ళ గన్నేరు మొక్కే దానికి మూలం. ఒక్క మందుకు లొంగని వ్యాధి అనేక మందుల సమష్టి దాడికి లొంగుతుందని వైద్యులు గ్రహించారు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1962లో ప్రారంభమైన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ ఈ పద్ధతిని దీర్ఘకాల చికిత్సగా తీర్చిదిద్దాడు. నేడు సంపన్న దేశాలలో క్యాన్సర్ సోకిన పిల్లలలో 80 శాతానికి పైగా బ్రతికి బయటపడుతున్నారు.

అయితే ఈ వెలుగు అన్ని ఇళ్ళకూ సమానంగా చేరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమారవయస్కులు క్యాన్సర్ బారిన పడుతున్నారు. అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలో ఎన్నోచోట్ల వారిలో 30 శాతం కంటె తక్కువ మందికే వ్యాధి నయమవుతున్నది. ఈ అంతరాన్ని తగ్గించడానికి ఆ సంస్థ 2018లో ఒక అంతర్జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2030 నాటికి కనీసం 60 శాతం పిల్లలను బ్రతికించడం దాని లక్ష్యం. అంతరానికి కారణాలు అనేకం. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, మందులు దొరకకపోవడం, నిపుణులు లేకపోవడం వాటిలో కొన్ని. వాటితో పాటు అంతగా చర్చకు రాని కారణం మరొకటి ఉన్నది. అది చికిత్సను మధ్యలో మానివేయడం.

ప్రేమ లేక ఏ తల్లిదండ్రులూ చికిత్స మానిపించరు. మొదటి నెల రోజుల చికిత్సతోనే చాలామంది పిల్లలలో జ్వరం తగ్గుతుంది, నొప్పులు పోతాయి, ముఖంలో కళ వస్తుంది. మూలుగ పరీక్షలో సూక్ష్మదర్శినికి వ్యాధి కణాలు కనిపించవు. అప్పటికే ఇంట్లో అప్పులు పెరిగి ఉంటాయి. కూలిపనికి వెళ్ళే తండ్రి ఎన్నో రోజుల కూలి కోల్పోయి ఉంటాడు. నగరానికి రానుపోను ఖర్చు, అక్కడ బస, భోజనం భారమై ఉంటాయి. 'పిల్లవాడు బాగానే ఉన్నాడు గదా, ఇంకా ఎందుకు ఈ సూదులు?' అని పెద్దలు అంటారు. ఆ ప్రశ్నకు గణితమే సమాధానం చెబుతుంది. వ్యాధిని గుర్తించే నాటికి బిడ్డ శరీరంలో సుమారు లక్ష కోట్ల క్యాన్సర్ కణాలు ఉంటాయి. వాటిలో 99 శాతం నశించాయనుకొన్నా ఇంకా వెయ్యి కోట్లు మిగులుతాయి. అవి సూక్ష్మదర్శినికి కనిపించకపోవచ్చు. చికిత్స ఆగిన నాడు అవి మళ్ళీ తలెత్తుతాయి. నిప్పు ఆరినట్లు కనిపించినా నివురు కింద నిప్పురవ్వ ఉన్నంత వరకు ఇల్లు క్షేమం కాదు.

ఆ నిప్పురవ్వలను పూర్తిగా ఆర్పడానికి ఉద్దేశించినదే ఇంటి వద్ద సాగే చికిత్స. సాధారణంగా ఇందులో 6-మెర్కాప్టోప్యూరిన్ మాత్రను ప్రతిరోజూ, మెథోట్రెక్సేట్ మాత్రలను వారానికి ఒకసారి ఇస్తారు. ఈ మెథోట్రెక్సేట్ సుబ్బారావు బృందం కృషి ఫలితమే. ఈ రెండు మందుల విషయంలో కుటుంబం మిక్కిలి జాగ్రత్త వహించాలి. వారానికి ఒకసారి ఇవ్వవలసిన మందును పొరపాటున ప్రతిరోజూ ఇస్తే ప్రాణాపాయం కలుగుతుంది. రోజూ ఇవ్వవలసిన మందును తరచు మరిచిపోతే వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. గోడ క్యాలెండరులో ఆ వారానికి గుర్తు పెట్టి, మాత్ర వేసిన వెంటనే కొట్టివేయడం సులువైన మార్గం. చదువు రాని తల్లి కూడా ఈ పని చేయగలదు. ఇంట్లో చదువుకొన్న అన్నకో అక్కకో ఈ బాధ్యత అప్పగించవచ్చు. రక్తపరీక్షల ఫలితాన్ని బట్టి వైద్యులు మోతాదు మారుస్తూ ఉంటారు. కాబట్టి గడువు ప్రకారం పరీక్షలకు వెళ్ళడం తప్పనిసరి.

క్యాన్సర్ కణాలను చంపే మందులు శరీరాన్ని కాపాడే తెల్లకణాలను కూడా తగ్గిస్తాయి. కోటకు కాపలా తగ్గినప్పుడు చిన్న దొంగ కూడా లోపల ప్రవేశిస్తాడు. అందువల్ల ఈ బిడ్డకు వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరంగా భావించరాదు. ఇంట్లో థర్మామీటరు ఉండాలి. ఉష్ణోగ్రత 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలకు చేరితే వెంటనే చికిత్స చేస్తున్న ఆసుపత్రికి తెలియజేసి, వారు చెప్పిన చోటికి తీసుకొనిపోవాలి. 'తెల్లవారనీ, చూద్దాం' అనుకోవడం ప్రమాదకరం. వైద్యుణ్ణి అడగకుండా జ్వరం మాత్ర వేస్తే ఉష్ణోగ్రత తాత్కాలికంగా తగ్గి అసలు ప్రమాదం మరుగున పడుతుంది. ఊరిలోని ఆర్.ఎం.పి. చేత కండకు సూది వేయించడం కూడా తగదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే ఆ చోట రక్తస్రావం జరగవచ్చు. ఆసుపత్రి వారు ఇచ్చిన చికిత్స పత్రాన్ని ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకోవాలి. రాత్రివేళ కొత్త ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే ఆ పత్రమే బిడ్డ తరఫున మాట్లాడుతుంది.

ఆటలమ్మ, తట్టు వంటివి మామూలు పిల్లలకు కొద్ది రోజుల బాధ. ఈ బిడ్డకు అవి ప్రాణాంతకం కావచ్చు. ఇరుగుపొరుగు ఇళ్ళలో గాని, తరగతిలో గాని ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ఆ సంగతి దాచకుండా ఈ కుటుంబానికి చెప్పడం పొరుగువారి ధర్మం. బిడ్డ అప్పటికే దగ్గరగా మసలి ఉంటే, లక్షణాలు కనిపించే దాకా ఆగకుండా వైద్యులకు చెప్పాలి. ఆహారం విషయంలో కఠిన నియమాల కంటె శుభ్రతే ముఖ్యం. ఇంట్లో వండిన వేడి అన్నం, పప్పు, బాగా ఉడికిన కూరలు, కాచి చల్లార్చిన నీరు మంచివి. అరటి, కమలా వంటి తొక్క ఒలిచి తినే పండ్లు మేలు. కోసి ఉంచిన పండ్ల ముక్కలు, బండి మీద అమ్మే పండ్ల రసాలు, పచ్చి చట్నీలు కొంతకాలం దూరంగా ఉంచాలి. బిడ్డను ఎత్తుకొనే ముందు పెద్దలు సబ్బుతో చేతులు కడుక్కోవడం ఏ మందుకూ తీసిపోని రక్షణ. బిళ్ళ గన్నేరు నుండి మందు తీశారని విని కొందరు దాని ఆకు నూరి తాగించాలనుకొంటారు. ఆ ఆకు విషపూరితం. ఓషధిలోని గుణాన్ని ప్రయోగశాలలో శుద్ధిచేసి, బిడ్డ పరిమాణాన్ని బట్టి మోతాదు లెక్కకట్టి, నరంలోకి ఎక్కిస్తేనే అది మందు అవుతుంది.

శరీరానికి తగిలిన దెబ్బ కంటికి కనిపిస్తుంది. మనసుకు తగిలినది కనిపించదు. స్టెరాయిడ్ మందుల వల్ల బిడ్డ ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. అర్ధరాత్రి లేచి అన్నం కావాలని మారాం చేస్తుంది. చిన్న విషయానికే కోపం తెచ్చుకొంటుంది. విన్‌క్రిస్టిన్ వల్ల పాదాలు బలహీనపడి మెట్లు ఎక్కలేకపోవచ్చు. జుట్టు రాలిన తల చూసి వీధిలో ఎవరో నవ్వితే ఆ నవ్వు ఎంతో కాలం గుర్తుంటుంది. ఇవన్నీ తాత్కాలికమనీ, తీవ్రమైన మందులు ఆపిన కొన్ని నెలలకు జుట్టు తిరిగి వస్తుందనీ బిడ్డకు అర్థమయ్యే మాటలలో చెప్పాలి. పిల్లల దగ్గర వ్యాధి పేరు దాచడం వల్ల భయం తగ్గదు. పెద్దల గుసగుసల నుండి వారు ఊహించుకొనేది నిజం కంటె భయంకరంగా ఉంటుంది.

జాలి ఎక్కువైతే అదీ ఒక బంధనమే. అడిగినదల్లా ఇచ్చి, తప్పు చేసినా మందలించక, ఏ పనీ చెప్పక గాజుబొమ్మలా చూసుకొంటే 'నేను ఇక బ్రతకనేమో' అన్న అనుమానం బిడ్డకు కలుగుతుంది. చేయగలిగిన చిన్న పనులు చెప్పడం, ఎప్పటిలాగే చదివించడం, తప్పుకు మెత్తగా మందలించడం, 'నీకు ముందు జీవితం ఉన్నది' అని చెప్పకయే చెప్పడం అవుతుంది. అదే ఇంట్లో మరొక బిడ్డ ఉంటుంది. తల్లి ఆసుపత్రిలో గడిపిన నెలలలో పిన్ని ఇంట్లోనో, నానమ్మ దగ్గరో పెరిగిన అక్కో తమ్ముడో. తనను ఎవరూ పట్టించుకోవడం లేదన్న బాధ, చెల్లికి జబ్బు తన వల్లనే వచ్చిందేమోనన్న భయం ఆ లేత మనసులో దాగి ఉండవచ్చు. తల్లిదండ్రులు రోజూ కొంత సమయం ఆ బిడ్డకే కేటాయించడం ఎంతో అవసరం.

కోలుకొనే బిడ్డకు బడి కూడా ఒక ఔషధమే. తెల్లకణాల సంఖ్య తగినంతగా ఉన్నదని వైద్యులు చెప్పిన తరువాత బిడ్డను బడికి పంపవచ్చు. ఆ బిడ్డ వచ్చే ముందురోజు ఉపాధ్యాయుడు తరగతిలో పది నిమిషాలు మాట్లాడితే చాలు. ఈ వ్యాధి అంటుకోదనీ, టోపీ లాగరాదనీ, జలుబు చేసినవారు కొంచెం దూరంగా కూర్చోవాలనీ చెబితే పిల్లలు తేలికగా గ్రహిస్తారు. చాలాసార్లు అడ్డు చెప్పేది పిల్లలు కాదు, వారి తల్లిదండ్రులు. 'మా అమ్మాయిని ఆ బల్ల మీద కూర్చోబెట్టవద్దు' అన్న ఒక్క మాట రెండేళ్ళ చికిత్స ఇచ్చిన ధైర్యాన్ని ఒక్క పూటలో హరిస్తుంది. వెనుకబడిన పాఠాలు మళ్ళీ చెప్పడం, హాజరు విషయంలో ఉదారంగా ఉండడం పాఠశాల చేయగల సహాయం.

చికిత్స పూర్తయిన తరువాత కూడా కొంత జాగరూకత ఉండాలి. కొందరిలో వ్యాధి తిరగబెడుతుంది. అటువంటి ప్రమాదం మొదటి కొన్ని సంవత్సరాలలో ఎక్కువ. అప్పుడు కూడా మళ్ళీ చికిత్స చేసే మార్గాలున్నాయి. కొన్ని మందులు గుండె మీద, తలకు ఇచ్చే రేడియేషన్ ఎదుగుదల మీద, జ్ఞాపకశక్తి మీద ఏళ్ళ తరువాత ప్రభావం చూపవచ్చు. అందువల్ల ఏయే మందులు ఎంత మోతాదులో ఇచ్చారో తెలిపే పత్రాలను పదిలపరచి, వైద్యులు చెప్పిన గడువు ప్రకారం పరీక్షలు చేయించుకోవాలి. ఇలా జాగ్రత్తపడి పెరిగినవారు చదువుకొని, ఉద్యోగాలు చేస్తూ, వివాహం చేసుకొని, బిడ్డలను కని సుఖంగా జీవిస్తున్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాలు పేదల చికిత్స భారాన్ని కొంత తగ్గించాయి. అయితే బస్సు ఖర్చు, పోయిన కూలి, ఒంటరితనం ఏ పథకంలోనూ పూర్తిగా ఇమడవు. వాటిని తీర్చవలసినది ఊరే. పరీక్షల రోజున తండ్రి పొలం పని ఒకరు చూడవచ్చు. మరొకరు పెద్దబిడ్డకు అన్నం పెట్టవచ్చు. వేరొకరు ఆసుపత్రికి తోడు వెళ్ళవచ్చు. చికిత్స మధ్యలో ఆగిపోకుండా కాపాడేవి ఇటువంటి చిన్న ఉపకారాలే.

యల్లాప్రగడ సుబ్బారావు 1948 ఆగస్టులో, 53వ ఏట కన్నుమూశాడు. తన కృషి వల్ల పిల్లలు పూర్తిగా కోలుకొని పెరిగి పెద్దవారు కావడం ఆయన చూడలేదు. కాని ఆయన అందించిన మందు నేటికీ వారానికి ఒకసారి ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక తల్లి అరచేతిలో కనిపిస్తుంది. ఆ మాత్రను కనిపెట్టడానికి ఒక మహామేధావి కావలసి వచ్చింది. దానిని వారం తప్పకుండా బిడ్డ చేత మింగించడానికి ఒక ఓర్పు గల కుటుంబం చాలు. ఆ కుటుంబం ఓర్పు సన్నగిల్లకుండా చూడడానికి ఒక మంచి ఊరు, ఒక మంచి తరగతి కావాలి. కోలుకొన్న బిడ్డ రేపు ఏ కళాశాలలోనైనా, ఏ తరగతిలోనైనా పక్క బల్ల మీద కూర్చునే సహాధ్యాయి కావచ్చు. ఆ సహాధ్యాయికి కావలసినది సానుభూతి వచనాలు కాదు. కొంచెం జరిగి ఇచ్చే చోటు.